రెండు సీసపు గుళ్ళు

కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్న ఎక్స్‌రేలో ఎడమ భుజం ఎముక కింద రెండు సీసపు గుళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి, స్తామెన్‌కి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క తుపాకి దెబ్బ కూడా తగల్లేదు. మరకేమో అనుకుని బొటనవేలితో రుద్దాడు. పోలేదు. ఫిల్మ్ తిప్పి పట్టుకున్నాడు, గుళ్ళు ఇటు నుంచి అటు వెళ్ళాయి తప్ప మాయం కాలేదు. మూలన అతికించిన చీటీ మీద తన పేరే ఉంది, స్తామెన్ రాయ్కోవ్, రాతికోత విభాగం, కింద ఏడాది కూడా సరిగ్గానే ఉంది, కంపెనీ మిషన్లకి నీళ్ళ గొట్టాలు బిగించకముందు చివరి ఏడు. పేరు తనది, విభాగం తనది, ఏడు తనది, ఈ పక్కటెముకలు మాత్రం ఎవరివో. ఊపిరితిత్తులు రెండూ కడిగిన గాజు సీసాల్లా నల్లగా, నున్నగా, ఎక్కడా ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి, వాటిని చూస్తుంటే తన ఊపిరి తనకే బరువెక్కింది. చెయ్యి దించి బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాక కూడా గుండె మెట్లెక్కుతూనే ఉంది.

చూసుకోండి రాయ్కోవ్ గారూ అంటూ ఇందాక కవరు చేతిలో పెట్టింది కంపెనీ లాయరమ్మ క్రస్తేవా, మా దగ్గర దుమ్ము ఉన్న రోజుల్లో అద్దాల్లా ఉన్నాయి మీ ఊపిరితిత్తులు, ఆ తర్వాత మిషన్లకి నీళ్ళొచ్చాయి, దుమ్ము లేదు, మరి మీరు ఇంట్లో ఏం పీల్చారో, ఎన్ని సిగరెట్లు కాల్చారో మాకేం తెలుసు? మాట మెత్తగానే అంది. మెత్తగా అనడానికే జీతం ఇస్తారేమో. కవరుతో పాటు ఇంకో కాగితం కూడా ఇచ్చింది, నా జబ్బుకీ నా పనికీ సంబంధం లేదు అని సంతకం పెడితే కంపెనీ దయతలచి ఒక్కసారి ఏదో సాయం చేస్తుందట, లోపలికి వెళ్ళి కమిటీ ముందు నిలబడే శ్రమ కూడా ఉండదట. పెట్టకపోతే, లోపల ఓడిపోతే, అదీ లేదు. ఇంట్లో మంచం పక్కన అద్దెకి తెచ్చిన ఆక్సిజన్ యంత్రం ఉంది, వారంలో దాన్ని వాపసు ఇచ్చెయ్యాలి. జబ్బు పనిలోనే వచ్చిందని ఈ కమిటీ ఒప్పుకుంటే యంత్రం, మందులు, కొండ మీది ఆసుపత్రిలో చికిత్స అన్నీ కంపెనీ నెత్తిన పడతాయి, ఒప్పుకోకపోతే ఆ యంత్రం వెళ్ళిపోయిన గదిలో రాత్రులు ఎలా గడుస్తాయో స్తామెన్ ఆలోచించడు. భార్య నెద్యల్కా ఆలోచిస్తుంది. ఆ యంత్రం మోతకి మొదట్లో నిద్ర పట్టక దిండు నెత్తిన పెట్టుకునేది, ఇప్పుడు మోత కాస్త మారితే చాలు లేచి కూర్చుంటుంది. పొద్దున బయల్దేరేటప్పుడు మణికట్టుకి ఎర్రదారం తెల్లదారం పేని కట్టింది, మార్చి కదా, ఒంటికి మంచిదని. ఏమన్నారో వెంటనే ఫోన్ చెయ్యి, గెలిచినా ఓడినా చెయ్యి, నన్ను అట్లా వదిలెయ్యకు, అంది.

సీసపు గుళ్ళు. కిందికి పోయినవాడు కాఫీ తెస్తానన్నాడు, ఇంకా రాలేదు. మనసు ఆ కాఫీ తెచ్చేవాడి దగ్గరిదాకా వెళ్ళి, కాలుతున్న పొయ్యి తగిలినట్టు వెనక్కి వచ్చేసింది. వేరే ఎవరివైనా కావచ్చు. ఊళ్ళో వేటకి పోనివాడెవడు? కానీ పోయినవాళ్ళందరి ఒంట్లోనూ గుళ్ళు లేవు. పొద్దుతిరుగుడు కోసేసిన పొలం, ఆకాశం ఇంకా తెల్లబడలేదు, కాళ్ళకింద మొదళ్ళు చిటపటమంటున్నాయి, కంజుపిట్టలు బుర్రుమని లేచాయి, కసాయి పెంచో కంగారుగా కాల్చాడు, ముందు నడుస్తున్న మనిషి ఒక్కసారి కూర్చుండిపోయాడు, అలసి కూర్చున్నట్టే ఉంది గానీ ముఖం సున్నంలా అయింది. ఎవర్రా కాల్చింది, నేను పిట్టలా కనబడుతున్నానురా గాడిదా అని అరిచాడు, ఆ అరుపు విని అందరూ నవ్వారు, బతికే ఉన్నాడని. స్తామెన్ అతన్ని వీపున వేసుకుని జీపు దాకా మోశాడు. అప్పట్లో మొయ్యగలిగేవాడు. డాక్టరు అన్నీ ఏరి తీశాడు, రెండు మాత్రం ఎముక పక్కన లోతుగా ఉన్నాయి, ఉండనీ, వాటి దారిన అవి ఉంటాయి అన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో సారాకొట్లో చొక్కా గుండీలు విప్పి అందరి వేళ్ళూ అక్కడ పెట్టించేవాడు, నొక్కి చూడు, దొర్లుతోందా, వానొచ్చే ముందు రోజు సలుపుతాయిరా, రేడియో కంటే నయం. స్తామెన్ కూడా నొక్కాడు. చర్మం కింద ద్రాక్షగింజ కదిలినట్టు కదిలింది. యోవ్కో. మనసు పేరు పలికేసింది. కూమ్ యోవ్కో. తన పెళ్ళిలో పక్కన నిలబడి రొట్టె విరిచినవాడు, తన కూతుర్ని జ్ఞానస్నానపు నీళ్ళలోంచి ఎత్తి పేరు పెట్టినవాడు, తోడబుట్టినవాడికంటే పైమెట్టు మీద ఉండే మనిషి, ఎవరి మాటకి ఎదురు చెప్పకూడదని అమ్మ చెప్పేదో ఆ మనిషి. ఇవాళ తన తరఫున సాక్ష్యం చెప్పడానికి సొంత కారులో తనని ఎక్కించుకుని జిల్లా పట్టణానికి తెచ్చిన మనిషి.

ఎవరో తలుపు తీశారు, నేల మైనం వాసన గుప్పుమంది, దానిలో రబ్బరు వాసన ఎక్కడ కలిసిందో తెలియదు గానీ ఆనాటి వాన్ లోపలికి వెళ్ళిపోయాడు స్తామెన్. ఫ్యాక్టరీ ఆవరణలో ఏడాదికోసారి వచ్చి నిలబడే ఎక్స్‌రే వాను, లోపల రబ్బరు చాప, చల్లటి ఇనప పలక, గడ్డం దాని మీద ఆనించి ఊపిరి బిగపట్టు అంటాడు లోపలివాడు, మనిషి ముఖం కూడా చూడడు. బయట వరస. మచ్చ పడిందంటే ఆవరణలో పలకలు మోసే పనికి మారుస్తారు, అక్కడ చేసిన ఏళ్ళు త్వరగా పింఛను వచ్చే లెక్కలోకి రావు, ఇన్నాళ్ళు దుమ్ము తిన్నదంతా గాలికి పోతుంది, అందుకని అందరికీ భయం జబ్బంటే కాదు, జబ్బు కనపడటమంటే. ముందురోజు రాత్రి మిరియాలు వేసి కాచిన రాకియా సారా తాగేవాళ్ళు, దగ్గు ఆగుతుందని. కొందరు పందికొవ్వు కరిగించి తాగేవాళ్ళు, అది దుమ్ముని కిందికి జార్చేస్తుందట, ఎవరి తాత చెప్పాడో. వరసలో ఎగతాళి. ఒరే పెట్కో, నువ్వు ఊపిరి వదలకు, నీ నోట్లోంచి వచ్చే ఆవిరికి మిషను కూడా తూలుతుంది. మెట్టు దగ్గర జట్టు నాయకుడు యోవ్కో, చేతిలో సీసపు అంకెలున్న బిళ్ళల పెట్టె, పలక మూలన తగిలించుకోవాల్సిన బిళ్ళలు, ఒక్కొక్కడి చేతిలో ఒక్కొక్కటి పెడుతున్నాడు. ఇది నీది, ఇది నీది. స్తామెన్ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు, గట్టిగా మూశాడు, ఆ నొక్కు ఇప్పటికీ చేతికి తెలుస్తోంది, అప్పుడు ధైర్యం చెబుతున్నాడనుకున్నాడు. అంకె చూసుకోలేదు. చూసుకుంటే మాత్రం? ఎవడి అంకె ఎంతో నాయకుడికి తెలుసు, కూమ్ ఇచ్చిన బిళ్ళని తిప్పి చూడటమంటే పెళ్ళిలో వాడు విరిచిన రొట్టెని వాసన చూడటం లాంటిది. ఆ తర్వాత యోవ్కో వాన్ ఎక్కాడు, ఇంకో బిళ్ళ చేతిలో పట్టుకుని. అదే స్తామెన్‌ది.

ఇక్కడ ఒక దగ్గు వచ్చింది. దగ్గు వస్తే ఆలోచన ఆగుతుంది, అదొక్కటే దానిలో సుఖం. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గోడ మీది క్యాలెండరులో కొండలు రెండయ్యాయి, మళ్ళీ ఒకటయ్యాయి. దగ్గు తగ్గాక ఆలోచన అక్కడే, వదిలిన చోటే, పెంపుడు కుక్కలా కూర్చుని ఉంది. ఆ ఏడు తన ఫలితం వచ్చినప్పుడు, శుభ్రంగా ఉంది అని వచ్చినప్పుడు, నెద్యల్కా చీజ్ పొరల రొట్టె చేసింది, బాల్కనీలోని ద్రాక్షసారా పెద్ద సీసా లోపలికి తెచ్చారు, కూమ్‌నీ పిలిచారు. నెద్యల్కా మాత్రం పళ్ళాలు సర్దుతూ, శుభ్రంగా ఉంటే మరి ఈ దగ్గేంటి, అంది. నోరు ముయ్యి, మంచి మాట వింటే ఒంట్లో బాగుండదా నీకు, అని తను కసిరాడు. యోవ్కో పళ్ళెంలోకే చూస్తూ తిన్నాడు. ఇంకొంచెం పెట్టమ్మా అన్నాడు. ఎవరి ఊపిరికి పండగ చేసుకున్నామో ఆ ఊపిరి మా బల్ల దగ్గరే కూర్చుని రెండోసారి వడ్డించుకుంది. పాపం కూమ్, అనుకున్నారు ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు పక్క మీద, ఎందుకంటే అతనికి మచ్చ పడిందట, దుమ్ము జబ్బట, వాన్ నుంచి వచ్చిన కాగితంలో ఉందట. అంత గట్టి మనిషికి. మనలాంటి వాడికి రాకుండా అతనికి వచ్చింది, చూశావా, అన్నాడు స్తామెన్, అన్నప్పుడు లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా తగిలింది, తగిలినందుకు సిగ్గుపడి అటు తిరిగి పడుకున్నాడు. ఆ సిగ్గు ఇన్నేళ్ళు మోశాడు. ఎవరి సిగ్గు ఎవరు మోశారు.

మెట్ల మీద అడుగులు. బరువైన అడుగులు, తొందర లేని అడుగులు, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకోవాల్సిన అవసరం లేని అడుగులు. స్తామెన్ ఫిల్మ్‌ని కవరులోకి తోసేశాడు, దొంగతనం తనే చేసినట్టు. యోవ్కో రెండు కాగితపు కప్పులు పట్టుకుని వచ్చాడు, డెబ్బై దగ్గరపడుతున్నా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ద్రాక్షతోట ఎండ.

"కింద మిషను చిల్లర మింగేసి కాఫీ ఇవ్వనంది. డొక్కలో ఒక్కటి తన్నితే ఇచ్చింది. తాగు, చల్లారిపోతుంది."

"ఏం చూపించింది ఆ లాయరు పిల్ల?" అని మళ్ళీ తనే అడిగాడు.

"పాత ఎక్స్‌రే అట."

"ఏ పాతది?"

"నీళ్ళ గొట్టాలు రాకముందుది."

యోవ్కో కప్పు పెదవుల దాకా తీసుకెళ్ళి ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు. "అవన్నీ ఎప్పుడో పారేసి ఉంటారనుకున్నా," అన్నాడు. "చూశావా?"

"నాకేం అర్థమవుతుంది, కూమ్."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని స్తామెన్‌కి తెలియదు. యోవ్కో భుజాలు కొంచెం దిగాయి. జేబులోంచి పొద్దుతిరుగుడు గింజల పొట్లం తీసి తనకోసం కొన్ని, స్తామెన్ అరచేతిలో కొన్ని పోశాడు. "నా మాట విను," అన్నాడు, "ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్. ఇచ్చింది పుచ్చుకో. వీళ్ళతో పోరాడి నెగ్గినవాణ్ణి చూశామా? లోపలికి వెళితే నిలబెట్టి నిలబెట్టి అడుగుతారు, అసలే నీకు ఊపిరాడదు. నేను కూడా ఏం చెప్పగలను, జట్టులో మంచివాడు అని తప్ప."

"శీతాకాలం నీళ్ళు ఆపేసేవాళ్ళని చెప్తానన్నావు."

"చెప్తాలే. చెప్తాను. కానీ ఎవడు నమ్ముతాడు?"

నీళ్ళు. అది అందరికీ తెలిసిన విషయం, కంపెనీ కాగితాల్లో తప్ప. మిషన్లకి గొట్టాలు బిగించారు, ఫోటోలు తీశారు, మేయరు వచ్చి రిబ్బను కత్తిరించాడు, ఆ తర్వాత మొదటి మంచు పడగానే గొట్టాలు పగులుతాయని నీళ్ళు కట్టేశారు, మళ్ళీ వసంతం దాకా పొడి కోతే. దుమ్ము లేదుగా అని ఎక్స్‌రే వానుని కూడా మళ్ళీ పిలవలేదు. ఆ చలికాలాలన్నీ స్తామెన్ అక్కడే ఉన్నాడు. పని ముగిశాక కనుబొమ్మలు తెల్లగా, నెద్యల్కా గుమ్మంలోనే కోటు విప్పించి దులిపేది, క్రిస్మస్ తాత వచ్చాడండీ అనేది కూతురితో. ఇంకా కొన్నేళ్ళే, ఇంకా కొన్నేళ్ళే, పింఛను లెక్క నిండిపోతుంది. ఛాతీ శుభ్రంగా ఉంది కదా. శుభ్రంగా ఉందని కాగితం ఉంది కదా. ఆ కాగితం లేకపోతే, మచ్చ ఉందని ఆ ఏడే చెప్పి ఉంటే, ఆవరణకి మార్చి ఉంటే, తిట్టుకుంటూ ఏడ్చుకుంటూ పలకలు మోసి ఉండేవాడు, గాలిలో, మంచి చల్లటి గాలిలో. యోవ్కో పక్కన గింజలు కొరుకుతున్నాడు, టక్, టక్, తొక్కలు పొట్లంలోకి శుభ్రంగా ఉమ్ముతున్నాడు, ఆ పళ్ళు కూడా గట్టివి. సంతకం పెట్టమంటున్నాడు. ఇప్పుడర్థమైంది కారెందుకు తెచ్చాడో. సాక్షిగా రానంటే అనుమానం వస్తుంది, వస్తే దారి పొడుగునా చెవిలో పోరవచ్చు, సంతకం పెట్టు, సంతకం పెట్టు, మెత్తటి మాటలు ఆ లాయరమ్మ కంటే బాగా చెప్పగలడు, ఎందుకంటే ఇతను కూమ్.

జిల్లా ఆసుపత్రి. అది కూడా ఉంది కదా, అది ఎట్లా మరిచిపోయాడు, మరిచిపోలేదు, ఎప్పుడూ చూడని అలమారలో పెట్టి తలుపేశాడు. వాన్ కాగితం వచ్చిన నెలలోనే. నాకు భయంగా ఉందిరా, పెద్దాసుపత్రి, తోడు రా, నీకూ ఉచితంగా ఒకటి తీయిస్తాను, అక్కడివాడు నాకు తెలుసు. తోడు అడిగితే సంతోషంతో వెళ్ళాడు. కారిడార్లో నర్సు యోవ్కో మాంచెవ్ అని పిలిచింది, యోవ్కో తన వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోశాడు, నువ్వు వెళ్ళు, ఇద్దరిదీ ఒకే చీటీ మీద రాశారు, నువ్వయ్యాక నేను. స్తామెన్ వెళ్ళాడు. లోపల ఎవరూ పేరడగలేదు. చల్లటి పలక. ఊపిరి బిగపట్టు. బయటికొస్తూ ఇదేదో వింతగా ఉందే అనుకున్నాడు, ఔను, అనుకున్నాడు, ఇప్పుడు కాదని తనకి తను ఎందుకు చెప్పుకోవాలి, అనుకుని మింగేశాడు, ఎందుకంటే అడిగితే కూమ్ చిన్నబుచ్చుకుంటాడు. యోవ్కో డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. చాలాసేపు. బయటికొచ్చినప్పుడు, ఏమన్నాడు డాక్టరు అంటే, నాది చెడిపోయిందిరా, నీది శుభ్రం, అన్నాడు. వీధి చివర పొగలో కాలుతున్న మాంసపు కబాబులు, చల్లటి బీరు, యోవ్కో డబ్బిచ్చాడు గానీ తినలేదు. జబ్బు మనిషి, తినబుద్ధి కాలేదనుకున్నాడు స్తామెన్, అతని పళ్ళెంలోది కూడా తనే తిన్నాడు. ఆ ఎండాకాలంలోనే యోవ్కోకి దుమ్ముజబ్బు పింఛను మంజూరైంది, పని మానేశాడు, కొండవాలున ద్రాక్షతోట పెట్టాడు. తోటకి కంచె వెయ్యడానికి ఆదివారాలు స్తామెనే వెళ్ళాడు. జబ్బు మనిషి గుంజలు పాతగూడదని. తను దగ్గుకుంటూ గుంత తవ్వుతుంటే యోవ్కో నీడలో కూర్చుని, నెమ్మదిరా, తొందరేం లేదు, అనేవాడు.

మొన్న ఆదివారం క్షమాపణల ఆదివారం. ఉపవాసాలకి ముందు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇంటికి, పెళ్ళయినవాళ్ళు కూమ్ ఇంటికి వెళ్ళి చెయ్యి ముద్దుపెట్టుకుని క్షమించమని అడగాల్సిన రోజు. నారింజపళ్ళు, నువ్వుల హల్వా, ఒక సీసా. యోవ్కో ఇల్లు గుట్ట మీద, స్తామెన్ మూడు చోట్ల ఆగాడు, నెద్యల్కా ఈసారికి ఫోనులో చెబుదాం, తప్పేముంది, అంది. తప్పే. కూమ్ ఇంటికి ఫోన్లో వెళతారా ఎవరైనా. గుమ్మంలో వంగి ఆ చెయ్యి పట్టుకుని పెదవులకి ఆనించి, తెలిసీ తెలియక ఏమైనా తప్పు చేసుంటే క్షమించు కూమ్, అన్నాడు, ఏటా అనే మాటే. దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమించాను, అన్నాడు యోవ్కో, ఏటా అనే మాటే. ఆసుపత్రికి పోయొచ్చిన మరుసటి ఏడు మాత్రం చెయ్యి విదిలించుకున్నాడు, ముద్దుపెట్టబోతే వేడినీళ్ళు పడ్డట్టు వెనక్కి లాక్కున్నాడు, ఎందుకురా ఇవన్నీ, మనం మనం ఒకటే కదా అన్నాడు, ఎంత పెద్దమనసు అని దారంతా చెప్పుకుంటూ దిగారు. ఆ తర్వాతి ఏడు నుంచి లాక్కోలేదు. అలవాటైపోయింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, దుమ్ముకి పడలేదా. నోట్లో గింజల ఉప్పు చేదెక్కింది. ఉమ్మేద్దామనుకున్నాడు, ఎక్కడా చోటు లేదు, మింగాడు. ఈ ఫిల్మ్ పైకి తీస్తే కూమ్ పింఛను పోతుంది, కోర్టు, జైలు కూడా కావచ్చు, ఊళ్ళో తన మొహం కూడా ఎవరూ చూడరు, కూమ్‌ని పట్టించినవాడు అంటారు, పట్టించినవాడి మీద కూమ్ శాపం ఏడు తరాలు దిగుతుందని అమ్మ చెప్పేది, అది అబద్ధమే కావచ్చు, అయినా వెన్నులో ఆ చలి నిజం. తియ్యకపోతే, గదిలో మోత ఆగిపోతుంది. నెద్యల్కా లేచి కూర్చుంటుంది.

"రాయ్కోవ్ గారూ, లోపలికి రండి. సాక్షిగారు కూడా," అంది తలుపు దగ్గర గుమస్తా అమ్మాయి. ఆమె మణికట్టుకి కూడా ఎరుపూ తెలుపూ దారాలు, ఎన్నో ఉన్నాయి, ఆమె బాగుండాలని చాలామంది కోరుకుంటున్నారు.

యోవ్కో కలం తీసి స్తామెన్ వేళ్ళ మధ్య పెట్టాడు, వేళ్ళు మూశాడు, గట్టిగా. అదే నొక్కు. "పెట్టెయ్‌రా," అన్నాడు చెవిలో, "నా మాట ఎప్పుడైనా కాదన్నావా?"

లోపల పొడుగాటి బల్ల, దానికి అవతల ముగ్గురు, మధ్యలో కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ, పక్కన లాయరమ్మ. కుర్చీ చూపించారు. కూర్చోలేదు స్తామెన్, కూర్చుంటే లేవడానికి ఊపిరి చాలదు. కంపెనీ ఇస్తానన్నదానికి మీరు సమ్మతమేనా, కాగితం మీద సంతకం చేశారా, అని అడిగింది పెద్దావిడ. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో, చెప్పడానికి ఎంత గాలి కావాలో లెక్క వేసుకున్నాడు, లెక్క సరిపోలేదు. నోటితో చెప్పడం తన వల్ల కాదు. పైగా ఏ మాటతో మొదలుపెట్టినా అది కూమ్ మీద చాడీ అవుతుంది. చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు, జాగ్రత్తగా, దొర్లిపోకుండా. కిటికీ దాకా నాలుగడుగులో ఐదడుగులో, వేసుకుంటూ వెళ్ళాడు, కవరులోంచి ఫిల్మ్ తీసి అద్దానికి ఆనించి అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. బయట ఎండ ఉంది. ఎవరిదో ఛాతీ గదంతా వెలిగింది.

"అదే మేము ఇచ్చినది," అంది లాయరమ్మ. "శుభ్రంగా ఉంది చూడండి."

"ఆ తెల్ల చుక్కలేమిటి?" అంది పెద్దావిడ, కళ్ళజోడు పెట్టుకుంటూ.

"చొక్కా గుండీలై ఉంటాయి."

చొక్కా విప్పే తీస్తారని చెప్పాలనుకున్నాడు స్తామెన్. అందుకు కూడా ఊపిరి మిగల్లేదు. తల మాత్రం తిప్పి తలుపు దగ్గర నిలబడ్డ యోవ్కో వైపు చూశాడు, కోపంగా చూద్దామనుకున్నాడు, కానీ అలిసిపోయిన మొహం ఎలా వస్తే అలా వచ్చింది. "నువ్వే చెప్పు, కూమ్," అన్నాడు, "ఎవరిదిది?"

యోవ్కో చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ భుజం కిందికి వెళ్ళింది, చొక్కా మీంచే అక్కడ తడుముకుంది, వాన రోజుల్లో తడుముకున్నట్టే. అది అందరూ చూశారు. అతను కూడా చూసుకున్నాడు. చెయ్యి దించి, టోపీ తీసి, కుర్చీ అడక్కుండానే కూర్చున్నాడు.

"నాది. ఆ గుళ్ళు నావి, ఛాతీ నాది. చొక్కా విప్పమంటే విప్పుతాను. రాసుకోమ్మా, నెమ్మదిగానే చెప్తాను. వాన్ వచ్చిన రోజున వీడి బిళ్ళ నేను పుచ్చుకుని నాది వీడి చేతిలో పెట్టాను. పక్క మిషనే కదా, వీడి దగ్గు రోజూ వింటున్నాను, వీడికి పట్టిందని నాకు తెలుసు, నాకు పట్టలేదనీ తెలుసు. ఆ ఫ్యాక్టరీలో ఊపిరి మంచిగా ఉన్నవాడికి ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. చెడినవాడికే అంతో ఇంతో ఇస్తారు. వీడేమో మచ్చ కనబడితే పని పోతుందని వణికే మనిషి, నోరు తెరిచి అడగడం రాదు. ఎలాగూ వీడికి పనికిరానిది నాకు పనికొస్తుందిలే అనుకున్నాను. ఆసుపత్రికి కూడా నేనే తీసుకెళ్ళి నా పేరు మీద వీణ్ణి నిలబెట్టాను. డాక్టరుకి ఒక గొర్రెపిల్లని పంపించాను, అబద్ధం రాయమని కాదు, త్వరగా రాసివ్వమని. పాపం ఆయనకేం తెలీదు. ఆయన ఆ ఫిల్మ్ చూసి నా చెయ్యి పట్టుకుని చెప్పాడు, ఇంకొక్క చలికాలం కూడా ఆ దుమ్ములోకి వెళ్ళకు, ఇవాళే మానెయ్, మానితే బతుకుతావు, వెళితే నేను కూడా ఏం చెయ్యలేను అని. ఆ మాట వీడిది. నాకు చెప్పాడు. నేను తలూపి బయటికొచ్చి, నీది శుభ్రంగా ఉందిరా అని వీడికి బీరు ఇప్పించాను. చెప్పొచ్చు. ఏదో ఒక వంకతో మానిపించొచ్చు, కూమ్‌ని కదా, నేను మానెయ్ అంటే మానేసేవాడు, ఎందుకని కూడా అడిగేవాడు కాదు. కానీ మానేస్తే వీడు ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడేమో, మళ్ళీ ఫిల్మ్ తీయిస్తాడేమో అని భయపడ్డాను. అందుకని పోనిచ్చాను. ఆ చలికాలం పోనిచ్చాను, తర్వాతదీ పోనిచ్చాను. మా గుట్ట కింది వీధిలోంచే పొద్దున్నే చీకటితో దగ్గుకుంటూ పనికి పోయేవాడు, నేను పక్క మీదే ఉండి వినేవాణ్ణి. మొదట్లో లేచి కిటికీ మూసేవాణ్ణి. తర్వాత మూయడం కూడా మానేశాను. అదీ రాయమ్మా, వదిలెయ్యకు."